అడక్కముందే

జనాన్నీ బళ్ళనీ గోదారి దాటించే పంటు సఖినేటిపల్లి రేవుకి తగలగానే త్రిమూర్తులు తాడు విసిరి ఇనప గుంజకి రెండు చుట్లు వేసి బిగించాడు. పదహారేళ్ళ కిందట ఇలాంటి తాడే అతని కుడిచేతి రెండు వేళ్ళు కొరుక్కు తింది. ఎముకలు విరిగిన చప్పుడు ఇంజను మోతలో కూడా వినపడిందని తోటివాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. పొద్దున్నించి ఎడమ భుజం లాగుతోంది. ఆసుపత్రికి పొమ్మని భార్య లోవమ్మ ఎంత పోరినా, ఆదివారం రద్దీ అని పనిలోకి వచ్చేశాడు.

ముందు ఎక్కాలని మోటారుసైకిళ్ళవాళ్ళు ఇద్దరు కాలర్లు పట్టుకుని కొట్టుకున్నారు. ఒకడి మూతి పగిలి చొక్కా అంతా రక్తమైంది. త్రిమూర్తులు కేకలెయ్యలేదు. బిందెలోంచి సత్తు మగ్గుతో నీళ్ళు ముంచి ఇద్దరికీ పట్టించాడు. ఆ మగ్గు కాస్త కారుతుంది, అయినా మార్చడు. పంటెక్కిన ప్రతివాడికీ అడక్కుండానే దాన్ని చాపుతాడు. గోదారి మధ్యలో నిలబడి నీళ్ళు పంచే వెర్రిబాగులవాడని రేవంతా ఎగతాళి. అక్కడ అతని పేరే నీళ్ళ త్రిమూర్తులు. పిలిస్తే నవ్వుతూనే పలుకుతాడు.

తిరుగు ట్రిప్పులో రాజమండ్రివాళ్ళు ఇద్దరు ఎక్కారు. మహేంద్రకి హార్డ్‌వేర్ కొట్టుంది. తేజస్వి కాలేజీలో లెక్చరరు. పాత యుద్ధ విమానాలంటే ఇద్దరికీ పిచ్చి. రెండో ప్రపంచ యుద్ధంలో అంతర్వేది దగ్గర సముద్రంలో కూలిన నీటి విమానం గురించి ఎక్కినప్పటినించీ ఒకటే తగువు. రెండింజన్ల కాటలీనా అంటుంది ఆవిడ. కాదు, నాలుగింజన్ల సండర్లాండ్ అంటాడు ఈయన. రెండింటికీ పొట్ట పడవలాగే ఉంటుంది, రెండూ నీళ్ళ మీదే వాలతాయి. కాటలీనాకి రెక్క నెత్తిమీద గొడుగులా ఉంటుందని ఆవిడ, సండర్లాండ్‌కి తోకలో నాలుగు తుపాకులని ఈయన. మొగుడూ పెళ్ళాలు కూడా అంత పోట్లాడుకోరు.

ఇంతలో తేజస్వి చేతికి మగ్గు వచ్చింది. తాగబోయి ఆగింది. మగ్గు నడుం చుట్టూ వరసగా సన్నటి రివెట్లున్నాయి, విమానం రేకుకి ఉన్నట్టు. ఇది ఎక్కడిదని అడిగింది.

"మా నాన్నదండి. పల్లంరాజు."

తగువు ఆగిపోయింది. వాళ్ళు వెతుకుతున్నది ఆ పేరే. విమానంలోంచి ఒకడు ఒడ్డు చేరాడనీ, తరవాత అతని శవాన్ని పల్లంరాజు అనే జాలరి అప్పగించాడనీ పాత సర్కారు కాగితంలో ఉంది. కాపాడబోయిన మనిషి కదా, ఆయన పేరుతో ఒడ్డున రాయి వేయిస్తామంటూ మహేంద్ర ఫోన్‌లో రికార్డింగ్ మొదలుపెట్టాడు. ఆ సైనికుడి చెల్లెలి కూతురు ఇంగ్లండులో ఉందట, ఎనభై దాటాయట. మావయ్య ఎలా పోయాడో తెలిస్తే చాలని ఉత్తరం రాసిందని తేజస్వి చెప్పింది.

త్రిమూర్తులుకి ఆశ పుట్టింది. ఓటర్ల లిస్టులో తప్ప నాన్న పేరు ఎక్కడా అచ్చు కాలేదు. ఔనంటే చాలు, రాతి మీద ఉండిపోతుంది. కానీ ఆ ముసలావిడ అడుగుతోంది.

"కాపాడలేదండి. చంపేశారు."

కాకినాడ మీద బాంబులు పడ్డ రోజులవి. జపానువాళ్ళు దిగుతారని తీరమంతా వణుకుతోంది. తెల్లారగట్ల ఒక మనిషి ఇసకలో పాకుతూ కనపడ్డాడు. ఒళ్ళంతా నల్లటి ఆయిలు, కళ్ళు వాచి మూసుకుపోయాయి. ఏ దేశంవాడో పోల్చుకునే వీల్లేదు. ఒక్కటే మాట అంటున్నాడు. పల్లెలో జాలర్లు ఆరుగురు తెడ్లెత్తారు. మొదటి దెబ్బ పల్లంరాజుదే.

"మూడో దెబ్బకి దవడ ఊడి పక్కకొచ్చేసిందండి. తెడ్డు విరిగితే ఆ ముక్కతోనే పొడిచారు. అయినా అదే మాట. జపానీ, జపానీ అంటన్నాడనుకున్నారు మావోళ్ళు. ఆడన్నది పానీ అండి. మంచినీళ్ళు."

ఈ దేశం వచ్చిన దొరలు నౌకర్ల దగ్గర నేర్చుకునే ముక్క అది. పల్లెలో ఎవరికీ హిందీ రాదు. సముద్రం కొట్టి చంపిందని అధికారులు రాసుకుపోయారు. ఇరవై ఏళ్ళ తరవాత ఇదే రేవులో ఉత్తరాది యాత్రికుల పిల్ల పానీ, పానీ అని ఏడిస్తే తల్లి నీళ్ళు పట్టింది. అది చూసి పల్లంరాజు ఉన్నచోటే కూలబడ్డాడు. అప్పట్లో ఒడ్డుకి కొట్టుకొస్తే చూరులో దాచిన విమానం రేకుతో మగ్గు చేయించాడు. పోయేముందు కొడుక్కి సంగతంతా చెప్పి, మగ్గు చేతిలో పెట్టాడు.

"అడక్కముందే ఇచ్చెయ్యరా అన్నాడండి. అడిగితే మనకి అర్థం కాకపోవచ్చు అన్నాడు."

మహేంద్ర ఫోన్ దించేశాడు. ఇది బయటికి రాకపోతేనే మంచిదేమో అని గొణిగాడు. తేజస్వి కళ్ళు తుడుచుకుని, ఆవిడకి ఏం రాయమంటారని అడిగింది.

"దాహం అన్నాడని రాయండమ్మా. మేం ఇవ్వలేదని కూడా రాయండి. మా నాన్న పేరు పెట్టే రాయండి."

నాన్న పోయిన ముప్పై ఏళ్ళలో ఈ సంగతి త్రిమూర్తులు ఒకరికి చెప్పడం ఇదే మొదలు. నరసాపురం ఒడ్డు దగ్గరపడింది. లేచి తాడు విసిరాడు. గుంజకి ఒక చుట్టు వేశాడు. రెండోది వెయ్యకుండా తాడు చుట్ట మీద కూర్చుండిపోయాడు. మోటారుసైకిళ్ళు అతన్ని రాసుకుంటూ దిగిపోయాయి. డ్రైవరు రెండుసార్లు కేకేసి విసుక్కున్నాడు.

తేజస్వికి అనుమానం వచ్చింది. బిందెలోంచి మగ్గు ముంచి అతని పెదాలకి ఆనించింది. నీళ్ళు లోపలికి పోలేదు, గడ్డం మీదుగా కారి చొక్కా తడిపాయి. మహేంద్ర నాడి పట్టుకు చూసి తల అడ్డంగా ఊపాడు.

అతన్ని నలుగురు పట్టి ఒడ్డుకి మోసుకెళ్ళారు. ఖాళీ పంటు చెక్కల మీద, సగం నీళ్ళతో ఉన్న సత్తు మగ్గు రివెట్ల సందుల్లోంచి చుక్క చుక్కగా కారుతోంది.