ఆమె చెప్పిన చోటు

పదకొండేళ్ల కిందట, మార్చి పంతొమ్మిదిన పొద్దున తిన్నది ఆమెకు ఇప్పటికీ గుర్తే. ముందురోజు మిగిలిన రొట్టె, ఉడికించిన గుడ్డులో సగం. గుడ్డు భర్తది. ఆ ఇంట్లో గుడ్డు పడవ మీద వెళ్లేవాళ్లకే. ఒడ్డున కూర్చుని చేపలు కోసేవాళ్లకు బలం దేనికని అత్తగారి వాదన. ఆయన తింటూ ఉంటే ఆమె గోళ్ల సందుల్లోని నెత్తురు కడుక్కుంటూ, తనలో తాను అనుకుంటున్నట్టుగా ఒక మాట అంది. ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర పట్టిన సొరచేపలన్నీ నిండు కడుపుతో ఉంటున్నాయని, ఈ మూడు నెలలూ కనడానికి అక్కడికే వస్తున్నట్టున్నాయని. ఆయన నమలడం ఆపాడు. పెళ్లయిన తొమ్మిదేళ్లలో ఆమె మాటకు తలెత్తి చూడడం అదే మొదలు. "నీకూ బుర్ర ఉందే" అంటూ గుడ్డు సగానికి విరిచి ఆమె కంచంలో వేశాడు. ఆ సంతోషం వారం రోజులు నిలిచింది. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు కుంచించుకుపోతుంది.

మర్నాడే ఆయన మొగకు అడ్డంగా వల వేశాడు. ఆ ఏడు రేవులో అందరికంటే ఎక్కువ సొరలు ఆయన పడవలోంచే దిగాయి. నీకెలా తెలిసిందని అడిగితే, సముద్రం నాతో మాట్లాడుతుందని చెప్పేవాడు. సొరల జ్యోతిష్కుడని పేరు పెట్టారు. రెండో ఏటికి ముప్పై పడవలు అక్కడే. తెచ్చినవన్నీ కోత షెడ్డులో ఆడవాళ్ల ముందు పడేవి. కడుపు చీలిస్తే పిల్లలు జారిపడేవి, మూరెడు పొడవు, కళ్లు తెరుచుకుని, కొన్ని ఇంకా కొట్టుకుంటూ. షెడ్డుకు పది అడుగుల్లో నీళ్లున్నాయి. ఒకసారి ఒకదాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని లేచింది కూడా. "ముద్దు చేస్తున్నావా? బకెట్లో వెయ్యి" అంది అత్తగారు. వేసింది. తర్వాత చాలాసేపు బకెట్లో చప్పుడు వినిపించింది. సొంత పడవ చేపలకు కూలేమిటని ఆ కోతకు ఆమె చేతిలో ఎవరూ ఏమీ పెట్టలేదు. ఇంటికొచ్చి వంట చేసి గిన్నెలు తోమితే, నీచు వాసన కొడుతున్నావని భర్త గోడ వైపు తిరిగి పడుకునేవాడు. ఆ వీపును చూస్తూ ఆమె అనుకునేది, తప్పు ఈయనదే అని. కానీ ఆ చోటు చూపించింది ఎవరు? మెప్పు కోసం కక్కుర్తి పడింది ఎవరు?

ఈ ఏడు మొత్తం మీద మొగ దగ్గర దొరికిన సొరలు మూడే.

మత్స్యశాఖ సర్వే అధికారిణి టేపు పట్టుకుని షెడ్డుకు వచ్చి ఆ మూడింటినీ కొలుస్తుంటే, పక్కపీట మీది ఆవిడ "చొక్కాలు కుట్టిస్తారా మేడమ్?" అని అందరినీ నవ్వించింది. అధికారిణి కూడా నవ్వి, అక్కడే చతికిలబడి చెప్పింది. మిగతా చేపలు లక్షల్లో గుడ్లు పెడతాయట. ఇవి తల్లి కావడానికే పదేళ్లు దాటుతుందట, కనేది కొద్ది పిల్లలనేనట. జబ్బుపడ్డవాటినీ బలహీనమైనవాటినీ తినేసి సముద్రాన్ని ఆరోగ్యంగా ఉంచేవి ఇవేనట. ఇవి పోతే వీటి భయంతో అదుపులో ఉండే చేపలు పెరిగిపోయి చిన్నవాటిని ఊడ్చేస్తాయని, చివరికి వలకు ఏమీ మిగలదని అంది. కనే చోటు తెలిస్తే ఆ నెలల్లో అక్కడ వల వెయ్యకుండా ఆపించవచ్చనీ అంది. ఆమె తలవంచుకుని కత్తి కడిగిందే కడిగింది.

మరుసటి మధ్యాహ్నం మత్స్యకారుల సంఘం హాల్లో మీటింగు. మగవాళ్లు కుర్చీల్లో, ఆడవాళ్లు టీ పళ్లాలతో. జ్యోతిష్కుడు లేచి, ఇటువైపు సొరలు కనవు మేడమ్, అవి ఎక్కడో లోతుల్లో కంటాయి అన్నాడు. అందరూ తలలూపారు. ఆయన చేతికి టీ ఇస్తున్నది ఆమే. ఆయన ఆమె కళ్లలోకి చూడకుండానే కప్పు అందుకున్నాడు. చూసిన మనిషి ఒక్కరైనా చెప్పకపోతే రేపు పంపే నివేదికలో రాయడానికి నా దగ్గర ఏమీ ఉండదంటూ అధికారిణి కాగితాలు సర్దుకుంది.

సాయంత్రం గిన్నెలు తోమి ఆమె, అధికారిణి దిగిన సంఘం వెనక గదికి వెళ్లింది. నిలబడే మొత్తం చెప్పింది. చోటు, నెలలు, కడుపులో పిల్లలు, బకెట్టు, ముందుగా ఆ చోటు చూపించింది తానేనని కూడా. రాస్తున్న అధికారిణి ఆగి, ఇంట్లో ఇబ్బందవుతుందేమో, పేరు రాయను, ఒక స్త్రీ చెప్పిందని రాస్తాను అంది.

"పేరు రాయండి మేడమ్. అప్పుడు పేరు లేకుండా చెప్పబట్టే ఆ మాట ఆయనదైపోయింది."

ఇంటికొచ్చి భర్తకూ తనే చెప్పింది. కడుపు మీద కొట్టావన్నాడు. "కడుపులు కోసింది నేనే. ఆ పాపం నాకు తెలుసు, మీరు చెప్పక్కర్లేదు" అంది. ఆయన ముందుగదిలో అటూ ఇటూ తిరుగుతూ గొణుగుతూనే ఉన్నాడు. ఆమె లోపలి గదిలో మంచం అంచున కూర్చుంది. తేలికపడుతుందనుకున్నది ఏమీ తేలికపడలేదు. చెప్పినంత మాత్రాన ఆ పిల్లలు నీళ్లలోకి వెళ్లవు.

అత్తగారు గుమ్మంలోకి వచ్చి నిలబడింది. తిట్టడానికే అనుకుంది ఆమె.

"ముప్పై ఏళ్లు నేనూ బకెట్లో వేసినదాన్నే" అంది ఆ ముసలావిడ. "నువ్వు పడుకో. వాడితో నేను మాట్లాడతా."

అత్తగారు ముందుగదిలోకి వెళ్తూ, చప్పుడు కాకుండా తలుపు దగ్గరగా వేసింది.