గుంపులో ఏడుపు

నాలుగోసారి ఓడ కిటికీ పగిలింది. గాజుగదిలో మైకు ముందు నిలబడి ఆమె, "అయ్యో, పిల్లలున్నారండీ, కాల్చకండి" అని నాలుగోసారి ఏడ్చింది. ఎప్పటిదో పాత సినిమా. నడిసముద్రంలో దొంగలు ఓడెక్కి, ప్రయాణికుల్ని బందీలుగా పట్టుకుని డబ్బడుగుతారు. హీరో లంగరు గొలుసు పట్టుకుని పైకొచ్చి అందర్నీ విడిపిస్తాడు. టీవీవాళ్ళ కోసం దానికిప్పుడు కొత్త గొంతులు పెడుతున్నారు. హీరో గొంతుకు పేరు వేస్తారు, గుంపులో ఏడ్చేవాళ్ళకు పేరెందుకు? ఆమెను అందరూ ఏడుపక్క అంటారు, ఆమె కూడా పలుకుతుంది.

పొద్దున బయల్దేరుతుంటే మంచం మీంచి భర్త, ఆయాసపడుతూనే, "ఇవాళ మానెయ్యరాదూ?" అన్నాడు.

"మధ్యాహ్నానికల్లా వచ్చేస్తాను. మీ అక్క ఉంటుందిగా."

"ఆ దొంగలు ఓడను వదిలినా మీవాళ్ళు నిన్ను వదలరే" అని నవ్వాడు.

తను అన్నట్టే మధ్యాహ్నానికి గుంపు పని అయిపోయింది. సంచీ భుజాన వేసుకుంది కూడా. సౌండు ఇంజనీరు వెనక్కి పిలిచాడు. కెప్టెన్ భార్యకు గొంతివ్వాల్సిన ఆవిడ రాలేదట.

"ఒక్క సీనక్కా. మొగుడి శవం మీద పడి ఏడవాలి."

ఇన్నేళ్ళలో తెరమీద ఒక మొహం ఆమె గొంతుతో ఏడవడం ఇదే మొదలు. సంచీ దించేసి, ఫోను బయట పెట్టి లోపలికెళ్ళింది.

ఎంతకీ ఏడుపు రాలేదు. ఆ కెప్టెన్ ఆమెకేమవుతాడని? కళ్ళు మూసుకుని, అతని చోట తన భర్తను పడుకోబెట్టింది, మాసిన గడ్డంతో సహా. అంతే, కడుపులోంచి తన్నుకొచ్చింది.

"అదిరిందక్కా, ఇక వెళ్ళు" అన్నాడు ఇంజనీరు.

"ఇంకోసారి చేస్తాను, ఇంకా బాగా వస్తుంది" అంది. ఎవరూ అడగలేదు, తనే అంది.

ఇంటి గుమ్మం ముందు చెప్పులు ఎక్కువగా ఉన్నాయి. ఆడపడుచు ఎదురొచ్చి చెయ్యి పట్టుకుంది.

"ఇప్పుడేనే. నువ్వొచ్చే వేళయిందని పట్టుబట్టి గడ్డం గీయించుకున్నాడు. ఫోన్ చేశాను, నువ్వెత్తలేదు."

ఆమె మంచం పక్కన కూలబడింది. ఏడుపొచ్చింది. అదే ఏడుపు. అదే ఎత్తున మొదలై, గాజుగదిలో ఎక్కడ విరిగిందో సరిగ్గా అక్కడే విరిగింది. పక్కింటావిడ కొంగుతో కళ్ళొత్తుకుంటోంది. ఆమె సిగ్గుతో చితికిపోయి రెండు చేతులా నోరు మూసుకుంది.

"ఏడవ్వే తల్లీ, లోపల దాచుకోకు" అంది ఆడపడుచు.

ఆమె తల అడ్డంగా ఊపింది. సాయంత్రం ఆయన్ని తీసుకెళ్తున్నప్పుడు కూడా ఏడవలేదు. కట్టుకున్నదానికి చుక్క కన్నీరైనా రాలేదేమని గుమ్మంలో ఎవరో గొణిగారు. అననీ అనుకుంది.

అందరూ వెళ్ళాక కిటికీ గట్టు మీద ఆయన గడ్డం బ్రష్షు కనిపించింది. దాని కుచ్చులో సబ్బు నురగ ఇంకా పూర్తిగా ఆరలేదు.