ఆకుపచ్చ బండి

అడగకపోవడం నిజాయితీయా, మొహమాటమా అన్న అనుమానం అతనికి ముప్పై ఏళ్లుగా ఉంది. రోజూ దేవుడి ముందు కళ్లు మూసుకుని కూర్చున్నా అది తేలలేదు. ఆ పొద్దున రైలుపెట్టె పక్కన బల్ల ఎక్కి పాత రంగు గీకుతుంటే మళ్లీ అదే గుర్తొచ్చింది.

ఆకుపచ్చ రంగు పెచ్చులుగా రాలి చొక్కా జేబులో పడుతోంది. భుజం పొద్దుటి నుంచే లాగుతోంది. కిటికీల కింద బెత్తెడు వెడల్పున పసుపు పట్టీ ఉంది. అది అతని చేతిదే. పెట్టె ఈ కొస నుంచి ఆ కొస దాకా దారం కట్టకుండా గీసేవాడు. అందుకే వర్క్‌షాపులో అందరూ అతన్ని సరళరేఖ అన్నారు. హాజరు వేసే గుమాస్తా కూడా ఒకసారి అసలు పేరు కోసం తడుముకున్నాడు. ఇప్పుడు గీతతో పని లేదు. బూడిదరంగు కొట్టి, నీలం స్టిక్కరు చుట్ట విప్పి అంటించడమే. పాత రంగులో మిగిలిన పెట్టె ఇదొక్కటే.

అమ్మ పోయాక అతన్ని అక్క పెంచింది. హాస్టల్లో చదివే రోజుల్లో శనివారం శనివారం ఆకుపచ్చ బండిలో వచ్చేవాడు. పట్టాల పక్కనే ఇల్లు. మలుపులో పసుపు పట్టీ కనపడగానే అక్క ఎసరు పెట్టేది. బండి దిగి, అతను నడిచి ఇల్లు చేరేసరికి అన్నం ఉడికి ఉండేది. ఆమెకు గడియారం అదే.

అతను ఉద్యోగంలో చేరిన ఏడాది అక్క తుప్పుపట్టిన తన ట్రంకుపెట్టె చూపించింది. దీనికి మీ బండి రంగు వెయ్యరా, ఆ పసుపు పట్టీతో సహా, అంది. పరాయి సొత్తు ఇంటికి తేనన్నాడు అతను.

"దొంగిలించమన్నానా? అడగమన్నాను."

అడుగుతాలే అన్నాడు. అడగలేదు.

ఇప్పుడామెకు మనుషులు గుర్తుండరు. అతని భార్యని పక్కింటావిడ అనుకుంటుంది. గుర్తున్నది బండి ఒక్కటే. సాయంత్రం వచ్చే బండికి ఆర్నెల్ల క్రితం రంగు మార్చారు. అప్పట్నుంచి కిటికీ దగ్గరి మంచం మీద పడుకుని, కళ్లముందే బండి వెళ్లిపోతున్నా ఇది కాదంటుంది. తమ్ముడొచ్చాక తింటానని ఆ తమ్ముడితోనే చెబుతుంది. నాలుగు రోజులుగా ముద్ద ముట్టలేదు. ఇక ఇంట్లోనే చూసుకోండి అన్నాడు డాక్టరు.

మధ్యాహ్నం స్టోరు గుమ్మం దగ్గర చాలాసేపు తచ్చాడాడు. ఏంటి, దారి తప్పావా అని స్టోర్‌కీపరు పలకరించాడు.

"పాత రంగు కావాలండి. గ్లాసుడు ఆకుపచ్చ, అరగ్లాసు పసుపు. చీటీ రాసివ్వండి."

"రేపు పారబోసేదానికి చీటీ ఎందుకయ్యా సరళరేఖా? ఇన్నేళ్లలో ఎప్పుడడిగినా ఇచ్చేవాణ్ణిగా."

అతను మాత్రం చీటీ రాయించుకుని, గేటు దగ్గర చూపించి మరీ బయటికొచ్చాడు.

రెండు డబ్బాలూ ఒళ్లో పెట్టుకుని బూడిదరంగు బండిలో కూర్చున్నాడు. రంగు మారితేనే అక్క బండిని గుర్తుపట్టలేకపోయింది. ఈ ఒళ్లు రాలిపోయాక దేవుడు మాత్రం మనల్ని ఏ గుర్తు చూసి పట్టుకుంటాడు అనుకున్నాడు. అంతలో స్టేషను వచ్చింది.

భార్యా అతనూ కలిసి ట్రంకుపెట్టెలో బట్టలు తీసేసి, మంచం పక్కన రెండు పీటల మీదికి ఎత్తారు. గరుకు కాగితంతో తుప్పు రుద్ది ఆకుపచ్చ వేశాడు. అది ఆరాక గాని పట్టీ గీయకూడదు. తడి మీద తడి వెయ్యొద్దని ఎంతమందికి నేర్పాడో. కిటికీలో వెలుతురు తగ్గిపోతోంది. ఆగలేకపోయాడు. తడి మీదే పసుపు లాగాడు. సగంలో భుజం పట్టేసి గీత కిందికి జారింది.

అక్క తల తిప్పింది. చాలాసేపు చూసి, చెయ్యి చాచి పట్టీని ముట్టుకుంది.

"వచ్చావా?"

"వచ్చానక్కా."

"ఇంత ఆలస్యమేంట్రా?"

తప్పు నాదేనన్నాడు అతను.

"సర్లే, కాళ్లు కడుక్కో. అన్నం ఉడికిపోయింది."

ఆ పూట అతని చేత్తో పెడితే మూడు ముద్దలు తింది. భార్య గోడవైపు తిరిగి కళ్లు తుడుచుకుంది.

తెల్లారి అక్కను లేపడానికి వెళ్లిన భార్య, వెనక్కొచ్చి గుమ్మంలో నిలబడిపోయింది.

వచ్చినవాళ్లంతా వెళ్లిపోయాక అతను పట్టీ సరిచేద్దామని బ్రష్షు పసుపులో ముంచి పెట్టె ముందు కూర్చున్నాడు. గీత ముట్టకుండానే లేచి, బ్రష్షుని కడిగి పెట్టేశాడు. రంగు పూర్తిగా ఆరిపోయింది. సగంలో వంకరపోయిన ఆ పసుపు పట్టీ మీద, ఆకుపచ్చలోకి జారుతూ, మూడు వేళ్ల గుర్తులున్నాయి.