నీవా ఏటిలో కపిలలు

చిత్తూరు ఊరికి నీళ్లు తోడే ఆవిరి ఇంజను ముసలిదైపోయింది. యుద్ధం నడిచినన్నాళ్లూ సామాన్లు రాక, పగిలినచోట ఇనుప పట్టీలు బిగించి, కారినచోట గోనెపీచు కుక్కి దాన్ని నెట్టుకొచ్చాడు డ్రైవరు రాజారత్నం. నీవా ఏటిలోని పెద్దబావి నుంచి నీళ్లు లాగి ఇసుక తొట్లలో పోసేది ఆ ఇంజనే. అక్కడ వడగట్టిన నీళ్లే వీధి కొళాయిలకు వెళ్లేవి.

నిరుడు ఎండాకాలం అది ఆగిపోయింది. జనం ఏటిలో చెలమలు తవ్వుకుని తాగారు. వాంతిభేది వచ్చింది. రాజారత్నం ఒక్కగానొక్క కూతురు రూతమ్మ పొద్దున మంచం పట్టి, దీపాలు పెట్టేలోగా కన్నుమూసింది. కబురు అందేటప్పటికి అతను బాయిలరు కింద వెల్లకిలా పడుకుని మరలు బిగిస్తున్నాడు.

యుద్ధం ముగిసిన మరుసటి వేసవిలో కొత్త ఆయిల్ ఇంజను రైల్లో దిగింది. ఊరంతా సంబరపడింది. ఇంజనీరు ఆదికేశవులు మాత్రం దిగులుగా ఉన్నాడు.

“దిమ్మ ఒకటే రాజారత్నం. పాతది పెరికితేగాని కొత్తది కూర్చోదు. అందాకా నీళ్లు ఆపాల్సిందే.”

“ఆపితే జనం మళ్లా చెలమలకే పోతారు సార్.”

“నాకు మాత్రం తెలీదా? ఇంకో దారుంటే చెప్పు, ఇద్దరం చేద్దాం.”

రాజారత్నం బావివైపు చూశాడు. “పొలాల్లో తోడినట్టు తోలు బానలకు ఎద్దుల్ని కట్టి, కపిల తోలిస్తే? తాగే మటుకన్నా వస్తాయి.”

“ఎండల్లో ఎద్దులెవరిస్తారయ్యా?”

ఇవ్వగలిగినవాడు ఒక్కడే. పక్క పొలం మునిరామయ్య. ఆయన మాటంటే చుట్టుపట్ల రైతులకు గురి. కానీ పెద్దబావి తవ్వినప్పటినుంచి తన బావి అడుగంటిందని ఆయనకు కడుపుమంట. రాజారత్నం ఎదురుపడితే ముఖం తిప్పుకునేవాడు.

ఆ సాయంత్రమే రాజారత్నం ఆయన వాకిట్లో నిలబడ్డాడు.

“ఏం మొగం పెట్టుకోని వచ్చినావప్పా? నా బాయి ఎండబెట్టి, ఇప్పుడు నా ఎద్దులు గూడా కావల్నా?” అన్నాడు మునిరామయ్య.

“నీ కోపంలో న్యాయముండాది అన్నా. కాదనను. ఇసుక తొట్లు కడిగిన నీళ్లు ఊరికే ఏట్లోకి పోతాండాయి. కాలవ తీసి నీ మడికి మళ్లిస్తాం. ఇంజనీరు సారు ఒప్పుకున్నాడు.”

“మీ మాటలు శానా విన్నాలే. పో.”

రాజారత్నం కదల్లేదు. “కాలవ ముందు తవ్వుతా. ఆ తర్వాతనే ఎద్దుల్ని తోలుకురా.”

తెల్లవారేసరికి పార పట్టాడు. భార్య సంతోషమ్మ తట్ట పట్టింది. ఎండెక్కే వేళకు ఇంజనీరు కూడా చొక్కా విప్పి దిగాడు. మునిరామయ్య గట్టుమీద కూర్చుని చాలాసేపు చూశాడు. కాలవ తన మడి అంచుకు చేరాక లేచి వెళ్లాడు. మర్నాడు తన జతతోపాటు ఊళ్లోని మరి నాలుగు జతల ఎద్దుల్ని తోలుకొచ్చాడు.

కపిలలు కిర్రుమన్నాయి. తొట్లలో నీళ్లు పడసాగాయి. అవి సగం ఊరికే చాలేవి. సంతోషమ్మ ఒక్కొక్క కొళాయి దగ్గరా నిలబడి, “తాగేదానికే పట్టుకోండమ్మా. గుడ్డలకూ గొడ్లకూ ఏటికి పోండి. చెలమ నీళ్లు మాత్రం నోట బెట్టొద్దు, నా బిడ్డమీద ఒట్టు,” అనేది. ఆ ఒట్టు విన్న ఏ ఆడదీ రెండో కడవ పెట్టలేదు.

ఇంజను గదిలో పాత మరలు తుప్పుతో దిమ్మలో కరుచుకుపోయాయి. సమ్మెట జారి రాజారత్నం కుడిచేతి వేళ్లు చితికాయి. కట్టు కట్టించుకుని ఎడమచేత్తో ఉలి పట్టాడు. “ఒక పూట పడుకోవయ్యా,” అన్నాడు ఇంజనీరు.

“ఆడ ఎద్దులు నడస్తాండాయి సార్. నేనెట్ల పడుకునేది?”

చివరికి పాత ఇంజను కదిలింది. దుంగలమీద దొర్లించి దాన్ని బయటికి నెట్టాక, ఇన్నేళ్లు తాను ఊపిరి పోసిన ఆ ఇనుప ముద్దను రాజారత్నం ఎడమచేత్తో ఒకసారి తడిమాడు. అంతలోనే కొత్తదానికి తాడు బిగించమని కేకేశాడు.

కొత్త ఇంజను తొలిసారి నాలుగు దగ్గులు దగ్గి ఆగిపోయింది. గుంపులో ఎవరో “అయిపాయె!” అన్నారు. ఇంజనీరు, రాజారత్నం ఇద్దరూ నూనె గొట్టం విప్పి, లోపల చిక్కిన గాలి వదిలించి, మళ్లీ చక్రం తిప్పారు. ఈసారి అందుకుంది. టకటకమంటూ గదంతా అదిరింది. గొట్టం నుంచి నీళ్లు తొట్టెలోకి దబదబ దూకాయి.

మునిరామయ్య ఎద్దుల మెడమీది కాడి దించి, వాటి మూపురాలు నిమిరాడు. ఆ ఏడు చిత్తూరులో కొళాయి నీళ్లు తాగిన ఏ ఇంట్లోనూ వాంతిభేది రాలేదు.

తొట్లు కడిగిన రోజున రాజారత్నం కాలవ వెంబడే నడిచి వెళ్లాడు. బురదనీళ్లు మెల్లగా పాకి రాగిమడిలోకి దిగుతున్నాయి. మునిరామయ్య పారతో మడిగట్టు సర్దుతూ తలెత్తాడు.

“మా ఆడోళ్లు సంగటి కెలికినారు. సంతోషమ్మను గూడా పిలుసుకోని రాప్పా, తిందాం,” అన్నాడు.