వెనక్కి తీసుకునే మీట

పొద్దున్నే షట్టర్ ఎత్తగానే అక్క దారం ఉండలు రంగుల వారీగా సర్దేది, చెల్లెలు కంప్యూటర్ ఆన్ చేసేది. అందులో ఆమె పువ్వు గీస్తే పక్కనున్న ఎంబ్రాయిడరీ మెషీన్ గుడ్డ మీద కుట్టేది. గీత వంకరపోతే అన్‌డూ మీట నొక్కేది. గీతే కాదు, ఆ గదిలో ఆఖరున జరిగింది ఏదైనా వెనక్కి పోయేది. ఒలికిన టీ గ్లాసులోకి ఎక్కేది. జారిన మాట నోట్లోకి దూరేది. విన్నవాళ్లు మర్చిపోయేవాళ్లు, అన్నవాళ్లకి మాత్రం గుర్తుండేది.

అందుకే ఆ వీధి జనం పోట్లాడుకోవడానికి ఆ షాపుకే వచ్చేవాళ్లు. అత్తాకోడళ్లు రెండు స్టూళ్ల మీద ఎదురెదురుగా కూర్చుని, కడుపులో ఉన్నదంతా కక్కేసి, "ఇక నొక్కమ్మా" అనేవాళ్లు. ఎవరి తిట్లు వాళ్లకే గుర్తుండేవి కనక, ఎవరికి వాళ్లు తామే గెలిచామనుకుంటూ కలిసి కూరగాయలకి వెళ్లేవాళ్లు.

ఏడాదిగా తెర మీద ఒకటే ప్రశ్న: కొత్త సిస్టమ్ వచ్చింది, ఇప్పుడా, తర్వాతా? చెల్లెలు రోజూ 'తర్వాత' నొక్కేది.

ఆ రోజు ఒక అత్తాకోడళ్ల జంట స్టూళ్ల మీద ఉండగానే, మెషీన్‌కి నూనె వేయడానికి మెకానిక్ వచ్చాడు. నెలకోసారి వచ్చే మనిషి.

"కొత్త డిజైన్లు ఇక ఈ పాతదాంట్లో తెరుచుకోవండీ. మార్చక తప్పదు. కాకపోతే కొత్తదాంట్లో అన్‌డూ గీతల వరకే, గది మీద పనిచేయదు."

స్టూలు మీదున్న అత్తగారు గుండెలు బాదుకుంది. "మరి మేమెక్కడ తిట్టుకోవాలి?"

"ఇంట్లోనే. కాస్త ఆలోచించి," అంది అక్క.

మెకానిక్ నూనె డబ్బా మూత విప్పుతూ, తల ఎత్తకుండానే చెల్లెలితో అన్నాడు. "వచ్చే నెల నుంచి నన్ను వేరే పేటకి వేస్తున్నారు. మనం పెళ్లి చేసుకుందామా అని మూడుసార్లు అడిగాను. మీ నుంచి ఉలుకూ పలుకూ లేదు. ఇదే ఆఖరు."

అత్తాకోడళ్లు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నారు.

"మూడుసార్లూ చెప్పాను," అంది చెల్లెలు.

"ఎప్పుడు? నేను వినలేదే!"

"విననిచ్చానా?"

నలభై ఏళ్లుగా ఒంటరిగా నిద్రలేచే మనిషికి ఇంకొకరితో బతకాలంటే భయం ఉండదా? పైగా వెనక్కి తీసుకునే వీలుంటే ఎవరు మాత్రం తీసుకోరు! ప్రతిసారీ "సరే" అనేది, ఆ మాట అతని చెవి దాటకముందే వేళ్లు మీటల మీదికి ఉరికేవి.

"సరే," అంది ఇప్పుడూ.

వేళ్లు అలవాటుగా కదిలాయి. ఆమె తన చేతిని ఓసారి చూసుకుని, మీటల మీంచి తీసి మౌస్ మీద పెట్టి, 'ఇప్పుడే' నొక్కింది.

తెర నీలంగా మారింది. ఒక శాతం. రెండు శాతం.

"ఏం చేశావే! ఇక వెనక్కి రాదు!" అని అరిచింది అక్క.

"రావద్దనే."

ఆమెనే చూస్తూ ఉండిపోయిన మెకానిక్ చేతిలో డబ్బా ఒరిగింది. నూనె తెల్లగచ్చు మీద నింపాదిగా పరుచుకుంది. అందరూ మీటల వైపు చూశారు, తర్వాత ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకుని పగలబడి నవ్వారు.

ఆ గదిలో చెరగకుండా నిలిచిన మొదటి మరక అదే. ఎన్నేళ్లయినా చెల్లెలు దాన్ని తుడవనివ్వలేదు, చివరికి మొగుణ్ని కూడా.