లింగం గదిలో తూర్పు గోడ

శుక్రవారం పొద్దున, అరబ్బు దేశపు ఖైతాన్ పేటలో లింగం గది ఎప్పుడూ ఒకలాగే ఉంటుంది. పప్పు ఉడుకుతుంటుంది, బట్టలు నానుతుంటాయి, తాగుడు మానుకున్న ఆరుగురు జగిత్యాల మగాళ్ళు బాత్రూం కోసం కొట్టుకుంటుంటారు. ఆ గదిలో తూర్పు గోడకు ఒక అలవాటు. లోపల ఎవరైనా తప్పు ఒప్పుకుంటే కాస్త వెనక్కి జరుగుతుంది, దాచిపెడితే ముందుకొస్తుంది. అది ఎంత జరిగినా అవతలి గదిలో ఉండే అజ్మతుల్లాకు జానెడు జాగా కూడా తగ్గలేదు కాబట్టి ఆయనా ఇదేంటని అడగలేదు.

ఆ శుక్రవారం మాత్రం హడావుడి. మందు మానినవాళ్ళ గదుల్ని చూసి, బాగుంటే 'ఇది మందు మానిన గది' అని బోర్డు ఇచ్చే సంఘం ఒకటుంది. తీసుకోమని ఎవరి బలవంతమూ లేదు. లింగమే అడిగి మరీ పిలిపించుకున్నాడు.

"బోర్డుంటె ఊర్ల మన ఆడోళ్ళు నమ్ముతరుర," అని అతని ఆశ.

మిర్కాబ్‌లోని సంఘం ఆఫీసు నుంచి వీరేంద్ర వచ్చాడు. కోనసీమ మనిషి, మర్యాదకు పెట్టింది పేరు. టీ తాగి, టేపు తీసి, గది కొలిచి తల గోక్కున్నాడు.

"ఒక మనిషికి జాగా తక్కువొస్తోందండి. ఐదుగురే ఉండాలి."

"మొన్న సరిపోయె గద సార్!" లింగం గోడను చూశాడు. "ఎవడో ఏదో దాచిండు."

అందరికన్నా వెనక చేరినవాడు భూమేశ్. పోవాలంటే వాడే పోవాలి. పోతే షువైఖ్‌లో పాత గదే గతి, అక్కడ వంటింట్లోనే సారా కాస్తారు. మళ్ళీ అందులో పడితే లేవనని వాడికి తెలుసు. నోరు విప్పితే తరిమేస్తారేమో అనుకున్నాడు. అయినా విప్పాడు.

"అన్నా, మొన్న తాగిన. గ్యారేజీల మా పాత గది చినబాబన్న పోస్తే వద్దనలేకపోయిన. నీకు చెప్పాల్నంటె సిగ్గయింది."

గోడ గర్రుమంది. గిన్నెలు గలగలలాడాయి. గోడకు ఆనుకుని కూర్చున్న నర్సింగ్ వెల్లకిలా పడ్డాడు.

"నీయవ్వ, జెర చెప్పి జరుగరాదె!" అని గోడను తిట్టాడు.

వీరేంద్ర మళ్ళీ కొలిచాడు. ఆరుగురికీ సరిపోయి ఇంకా మిగిలింది.

"తాగిండు గద సార్, పంపియ్యాల్నా?" లింగం భయంభయంగా అడిగాడు.

"భలేవారండీ! చెప్పుకునే గదికి ఇవ్వకపోతే ఈ బోర్డు ఇంకెవరికిస్తామండీ? ఇవాళ్టితో అయిపోలేదు, మళ్ళీ వచ్చి చూస్తూనే ఉంటాం."

భూమేశ్ కళ్ళు తుడుచుకుని బోర్డూ సుత్తీ అందుకున్నాడు. తూర్పు గోడ వైపు నడవబోతే అందరూ ఒక్కసారే అరిచారు.

"గా గోడకొద్దురా! తలుపుకు కొట్టు!"

మేకు కొట్టి, చెయ్యి దులుపుకుని, వాడు షువైఖ్‌కు ఫోన్ చేశాడు.

"చినబాబన్నా, మా గదిల ఇంకో మంచం పడుతది. వస్తవా?"