కనుమ ఎక్కని అంబాసిడరు

మెకానిక్ మస్తాన్ ఇంజను మొత్తం విప్పి, అరిగిన సిలిండర్లకు బోరు చేయించి, కొత్త పిస్టన్లు, రింగులు వేసి నా పాత అంబాసిడరును అప్పగించాడు. మరునాడు పొద్దున ఇంటి ముందర స్టార్టు చేశాను. వెనక నుంచి నీలం పొగ లేచింది. ఆయిలు కాలిన వాసన.

మా ఇంటామె వెంకటసుబ్బులమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"దోమల మందు కొడతాండావా ఏంది?"

నేను ఇంజను ఆపేశాను.

చనిపోయిన మా అన్నా, నేనూ గిద్దలూరు, కంభం మధ్య బాడుగకు తోలిన బండి అది. మార్కాపురం పలకల వ్యాపారి మురళీధర్ పాత కార్లు పోగేస్తాడు. దీన్ని అడుగుతూనే ఉన్నాడు. ఈసారి బాగుకాకపోతే అతనికే ఇచ్చేస్తానని ఇంట్లో అనేశాను. మళ్ళీ విప్పించే ఓపిక నాకు లేదు.

ఆ మాట అన్న సాయంత్రమే మురళీధర్ ఫోను చేశాడు.

"పొగ వస్తాందంట గదా, పెద్దాయనా?"

నేను బయట ఎవరికీ చెప్పలేదు. మస్తాన్ ఒక్కడికే ఫోనులో చెప్పి, అతని మాట వినకుండానే పెట్టేశాను. మురళీధర్ గిద్దలూరు వస్తే మస్తాన్ షెడ్డులోనే టీ తాగుతాడు. నాకు అర్థమైందనుకున్నాను. ఇంజను చెడగొడితే బండి ఎటు పోతుందో ఇద్దరికీ తెలుసు.

రోజూ పొద్దున బండిని నిలబెట్టే స్టార్టు చేసి, సైలెన్సరు మూతికి తెల్లగుడ్డ పట్టేవాణ్ణి. నల్లటి ఆయిలు మరక పడేది. వీధి దాటించడానికి భయం. చివరికి ఆ గుడ్డ తీసుకుని షెడ్డుకు పోయాను.

"పాత రింగులే కడిగి వేసినావా?"

మస్తాన్ చేతిలో స్పానరు ఆగింది.

"ఎంత దూరం తోలినావు మామా?"

"తోలలేదు. ఇంటికాడే ఆడిస్తాండా."

"అదే తప్పు. ఊరికే నిలబెట్టి ఆడిస్తే కొత్త రింగులు బోరులో సర్దుకోవు, ఆయిలు పైకి వస్తాది. ఇంజను మీద బరువు పడాల. నంద్యాల దారిలో కనుమ ఎక్కించు."

అడవిలో ఆగిపోతే, నువ్వే సరిగా తోలలేదంటాడు. అదీ ఎత్తేమో.

"నువ్వూ రా. ఆగితే నువ్వే తొయ్యాల."

"మురళీధర్‌ను గూడా పిలుద్దాం. తొయ్యడానికి ఒక చెయ్యేస్తాడు."

"ఆ పేరెత్తొద్దు."

ఇద్దరం బయలుదేరాం. దిగువమెట్ట ఊరు దాటాక కనుమ ఎత్తు మొదలైంది. నా కళ్ళు ఒకసారి అద్దం మీద, ఒకసారి వేడి చూపించే ముల్లు మీద, ఒకసారి మస్తాన్ ముఖం మీద.

"మెల్లగా కాదు మామా. రెండో గేరులో తొక్కు. ఇప్పుడు కాలు తియ్. మళ్ళా తొక్కు."

తొక్కినప్పుడల్లా ఇంజను అరిచింది. పగలగొట్టిస్తున్నాడా? వెనక లారీవాడు హారను కొట్టి, పక్కకు వచ్చి తల బయట పెట్టాడు.

"తాతా, బండి తగలబడతాంది సూస్కో!"

"నీ లారీ సూస్కోరా!" అని మస్తాన్ అరిచాడు.

ఇక ఉండబట్టలేక అడిగాను.

"పొగ సంగతి మురళీధర్‌కు ఎవరు చెప్పినారు?"

"నేనే. పొగ వస్తాంది, కనుమ ఎక్కితే పోతాది, ఆ బండి మీద ఆశ పెట్టుకోవద్దని చెప్పినా. సగమే ఇన్నట్టుండాడు." నా వైపు తిరిగాడు. "అందుకా మామా, ఇన్నాళ్ళు నాకు మొగం సూపీలేదు?"

నేను గేరు మార్చాను.

పైకొచ్చేసరికి అద్దంలో చెట్లు స్పష్టంగా కనిపించాయి. దిగి గుడ్డ పట్టాను. పొడి బూడిద రంగు. ఆయిలు లేదు.

"ఇంకేం అనుమానం మామా?"

"దిగేటప్పుడు చూడాల," అన్నాను. ఆక్సిలరేటరు మీంచి కాలు తీసి వాలు దిగి, కింద ఒక్కసారిగా తొక్కితే దాగిన పొగ బయటపడుతుంది. అది నాకూ తెలుసు.

బండి వెనక్కి తిప్పి కనుమ దిగాను. అడుగున గట్టిగా తొక్కాను. అద్దంలో ఒట్టి రోడ్డే ఉంది.

దిగువమెట్ట కాడ బండి ఆపాను. మురళీధర్‌కు ఫోను చేసి, అమ్మనని చెప్పి పెట్టేశాను. తర్వాత దిగి, అటువైపు పోయి మస్తాన్ తలుపు తీశాను.

"నువ్వు తోలు."

మస్తాన్ కదల్లేదు. మా అన్నా నేనూ తప్ప ఆ స్టీరింగు ఎవరూ పట్టింది లేదు. అది అతనికి తెలుసు.

"నిజంగానా మామా?"

"తోలమంటాండాగా."

పక్క సీట్లో కూర్చున్నాను. అక్కడి నుంచి అద్దంలో ఏమీ కనపడదు. గిద్దలూరు వచ్చేలోపల రెండుసార్లు మెడ తిప్పి వెనక్కి చూశాను.